పోటీ పరీక్షల పేజీలో పటాన్ని కాస్త పెద్దగా వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. అనంతపురంలో ఒక గ్రంథాలయం ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలే నా గిరాకీ. మీ పత్రికలో వచ్చే పోటీ పరీక్షల పేజీలు నా మెషీన్ మీద పడినన్నిసార్లు ఇంకేవీ పడవు. జాగ్రఫీలో పీజీ చేసినదాన్ని. టీచరు ఉద్యోగం రాలేదు, షాపు వచ్చింది. కాబట్టి గాజు మీద బోర్లించే ముందు ప్రతి కాగితాన్నీ ఒకసారి చదవకుండా ఉండలేను.

ఖండాల భౌగోళిక స్వరూపం మీద మీరు ఈమధ్య వరుసగా ఇస్తున్న పాఠాల గురించే ఈ ఉత్తరం. పాఠం బాగుంటోంది, బిట్లు బాగుంటున్నాయి. పటం మాత్రం తపాలా బిళ్లంత ఉంటోంది. దక్షిణ అమెరికా పాఠం వచ్చిన వారం నా షాపులో జరిగింది చెబుతాను. ఆండీస్ పర్వతాలకు ముదురు గోధుమ రంగు, అమెజాన్ పరీవాహక ప్రాంతానికి ముదురు ఆకుపచ్చ వేశారు. పేపర్లో చూస్తే ముచ్చటగానే ఉంది. జిరాక్స్ తీస్తే రెండూ ఒకటే నలుపు. "కొంచెం లైట్‌గా తీయక్కా" అన్నాడు ఒకబ్బాయి. లైట్ చేస్తే నలుపు తగ్గింది, దాంతోపాటే నదుల పేర్లూ మాయమయ్యాయి. 200 శాతానికి పెంచి తీస్తే అంతా చుక్కలు చుక్కలుగా వచ్చింది. చివరికి "పటం వద్దులే అక్కా, బిట్లు చాలు" అని ఆ సగం వరకే తీయించుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లూ చాలామంది అదే అడిగారు. పటం ఉన్న మూలకు తెల్లకాగితం అడ్డం పెట్టి తీస్తే టోనరు మిగులుతుంది, వ్యాపారం చూసుకుంటే నాకు లాభమే.

కడుపు మండింది ఎందుకంటే, ఆ వారం మీరిచ్చిన బిట్లలో సగానికి జవాబులు ఆ నల్లబడిపోయిన పటంలోనే ఉన్నాయి. అటకామా ఎడారి, హంబోల్ట్ ప్రవాహం, చిలీ నైట్రేటు, సముద్ర తీరం లేని బొలీవియా, పెరూ ఆంకోవీ చేపలు, పటగోనియా. ఒకదాని పక్కన ఒకటి కూడా లేవు. నాలుగో బిట్టు ఒకటి, పదిహేడో బిట్టు ఒకటి. పిల్లలు వాటిని విడివిడిగా బట్టీ పట్టి, పరీక్ష హాల్లో ఏది దేనికి జతో తెలీక టెన్షన్ పడతారు. పటం అరపేజీ ఉండి, దాని మీద మకరరేఖ (భూమధ్యరేఖకు దక్షిణాన 23½ డిగ్రీల దగ్గరుండే గీత) ఒక్కటి స్పష్టంగా గీసి ఉంటే ఇవన్నీ ఒకే సంగతికి వేరువేరు ముక్కలని వాళ్లకే తెలిసిపోయేది.

కర్కటరేఖ మన దేశంలో ఏ ఎనిమిది రాష్ట్రాల గుండా పోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మకరరేఖ దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. చిలీ, అర్జెంటీనా, పరాగ్వే, బ్రెజిల్, నమీబియా, బోట్స్‌వానా, దక్షిణాఫ్రికా, మొజాంబిక్, మడగాస్కర్, ఆస్ట్రేలియా. పది దేశాలు, మూడు ఖండాలు. ఈ ఒక్క గీత వెంట పడమర నుంచి తూర్పుకు పోతే ఎన్ని పాఠాలు వస్తాయో మీ పేజీ రాసేవారికి తెలియదని నేననుకోను. స్థలం చాలక వదిలేసి ఉంటారు. ఆ స్థలం ఎందుకివ్వాలో కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

పసిఫిక్ ఒడ్డున, చిలీలోని అంటోఫగాస్టా అనే రేవు పట్టణం దగ్గర మకరరేఖ నేల ఎక్కుతుంది. ఎక్కీ ఎక్కగానే అటకామా ఎడారి. మా అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దానికే మమ్మల్ని కరువు సీమ అంటారు. అంటోఫగాస్టాకు ఉత్తరాన అరికా అనే ఊరుంది. అక్కడ ఏడాది సగటు ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. అదీ సముద్రం ఒడ్డునే. కళ్లముందు అన్ని నీళ్లు పెట్టుకుని నెత్తిన చుక్క పడదు.

దీనికి కారణాలు మూడు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి, తేమనంతా అక్కడే కురిపించేసి, అటూ ఇటూ సాగి 30 డిగ్రీల అక్షాంశాల ప్రాంతంలో కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కుతుంది, మబ్బు కట్టనివ్వదు. రెండోది ఆండీస్. ఇక్కడ వీచేవి ఆగ్నేయ దిక్కు నుంచి వచ్చే వ్యాపార పవనాలు. అవి అట్లాంటిక్ నుంచి తెచ్చిన తేమ దారిలోనే, మిగిలింది పర్వతాల తూర్పు వాలు మీద, కురిసిపోతుంది. దాదాపు 7,000 కిలోమీటర్ల పొడవున్న ఆ పర్వతాలు దాటి పడమరకు చేరేది ఏమీ ఉండదు. వర్షచ్ఛాయ (కొండలు అడ్డుపడి వాన అందని వైపు) అంటే ఏమిటో మా ఊరి పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు, పడమటి కనుమల వెనకున్నవాళ్లం.

మూడోది హంబోల్ట్ ప్రవాహం. దీన్ని "శీతల ప్రవాహం" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు గానీ అసలు సంగతి ఇక్కడే ఉంది. దక్షిణాన్నుంచి చల్లని నీరు తీరం వెంట ఉత్తరానికి పారుతుంది. దానికి తోడు తీరం పొడవునా వీచే గాలి, భూభ్రమణ ప్రభావంతో, పై నీటిని ఒడ్డు నుంచి లోపలి సముద్రంలోకి నెడుతుంది. ఆ ఖాళీలోకి అడుగునున్న ఇంకా చల్లని నీరు పైకొస్తుంది. దాన్ని తాకిన గాలి కింద చల్లగా, దానిపైనున్న గాలి వెచ్చగా ఉంటుంది. చల్లగాలి బరువు, పైకి లేవదు. గాలి లేవకపోతే వాన లేదు. పొగమంచు మాత్రం దట్టంగా పడుతుంది. అక్కడివాళ్లు దాన్ని కమంచాకా అంటారు. ఎడారి దక్షిణపు అంచున చుంగుంగో అనే పల్లెకు 1990లలో కొండమీద పెద్ద పెద్ద వలలు కట్టి, వాటికి పట్టిన మంచు బొట్లనే గొట్టాల్లోకి మళ్లించి తాగునీరిచ్చారు.

పైకొచ్చిన ఆ అడుగు నీరు పోషకాలను కూడా తెస్తుంది. వాటి మీద బతికే సూక్ష్మజీవులు, వాటిని తినే ఆంకోవీ చేపలు, ఆ చేపల్ని తినే లక్షలాది పక్షులు. తీరం పక్క దీవుల్లో ఆ పక్షుల రెట్ట గుట్టలుగా పేరుకుపోయింది. వాన ఉంటే ఎప్పుడో కొట్టుకుపోయేది. లేదు కాబట్టే మిగిలింది. 19వ శతాబ్దంలో యూరప్ పొలాలకు అదే ఎరువు. నైట్రేటు సంగతీ అంతే. అదీ ఎరువే. సోడియం నైట్రేటు నీళ్లలో ఇట్టే కరిగిపోయే ఉప్పు. అది నేల మీద మందంగా పరుచుకుని ఉండాలంటే వేల ఏళ్లు వాన పడకూడదు. అందుకే దానికి "చిలీ" పేరు వచ్చింది. నిజానికి అంటోఫగాస్టా అప్పట్లో బొలీవియాది. నైట్రేటు మీద పన్ను దగ్గర మొదలైన తగాదా 1879లో యుద్ధమైంది, 1884లో పోరు ఆగేసరికి బొలీవియాకు తీరం పోయింది. ఇవాళ్టికీ ఆ దేశానికి నౌకాదళం ఉంది, సముద్రం లేదు. 3,800 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సులో పడవలు తిప్పుకుంటోంది. జర్మనీలో 1913లో గాలిలోని నత్రజనితో, ఎరువులకు పనికొచ్చే అమ్మోనియా తయారుచేసే ఫ్యాక్టరీ మొదలయ్యాక నైట్రేటు గిరాకీ క్రమంగా పడిపోయింది. హంబర్‌స్టోన్ లాంటి గనుల ఊళ్లు ఖాళీ అయ్యాయి.

"సముద్ర తీరం లేని దక్షిణ అమెరికా దేశాలు ఏవి?" అన్న బిట్టుకు బొలీవియా, పరాగ్వే అని జవాబు పెట్టడానికి ఇదంతా అవసరమా అంటారేమో. ఆ ఒక్క బిట్టుకైతే అవసరం లేదు. కానీ ఇప్పుడు పేపర్లు మారాయి. ప్రతిపాదన ఒకటి, కారణం ఒకటి ఇచ్చి, రెండూ సరైనవేనా, రెండోది మొదటిదానికి సరైన వివరణేనా అని అడుగుతున్నారు. అక్కడ బట్టీ పట్టినవాడు ఆగిపోతాడు.

ఇంకా తూర్పుకు పోదాం. ఆండీస్ ఎక్కితే రాగి గనులు, లిథియం నిండిన ఉప్పు మైదానాలు, 5,000 మీటర్ల ఎత్తున ఆల్మా రేడియో టెలిస్కోపు. గాలిలో తేమ లేకపోవడమే వాళ్లకు కావాల్సింది. అవతలి పక్క దిగితే గ్రాన్ చాకో మైదానం. పడమర ఎండిపోయి, తూర్పుకు పోయేకొద్దీ పచ్చబడుతుంది. పరాగ్వే నది దాటి బ్రెజిల్‌లోకి పోతే పరానా నది. అక్కడి టెర్రా రోషా నేల కాఫీకి పేరు. అది ఎప్పుడో పారిన లావా చివికి అయిన నేల. 13 కోట్ల ఏళ్ల కిందట పారిన ఆ లావాకు తోబుట్టువు అట్లాంటిక్ అవతల నమీబియాలో ఉంది, ఎటెండెకా అంటారు. రెండు ఖండాలూ ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి అదొక సాక్ష్యం. మన దక్కన్ లావా వయసులో అంతకంటే చిన్నది, 6.6 కోట్ల ఏళ్లది. ఆదిలాబాద్ నల్లరేగడి దాని నుంచి వచ్చిందే. ఆ తర్వాత సావో పాలో నగరం, దాన్ని దాటగానే సముద్రం వైపు నిటారుగా దిగే సెర్రా డూ మార్ కొండలు, వాటి మీద దట్టమైన అడవి. పడమటి చివర వాన లేదు, తూర్పు చివర వానలే వానలు.

ఇది ఒక్కసారి తెలిస్తే ఆఫ్రికా పాఠం సగం అయిపోయినట్టే. అదే రేఖ. పడమటి తీరంలో నమీబ్ ఎడారి, పక్కనే బెంగ్వేలా శీతల ప్రవాహం, అదే పొగమంచు, అవే చేపలు. నమీబ్‌లో ఒక రకం పురుగు ఇసుక దిబ్బ మీద తల కిందికి, వెనక భాగం పైకి పెట్టి నిలబడి, వీపు మీద పట్టిన మంచు బొట్టు నోట్లోకి జారేదాకా ఆగుతుంది. లోపలికి పోతే కలహారి. తర్వాత లింపోపో నది, మకరరేఖను రెండుసార్లు దాటుతుంది. బిట్టు అందరికీ వచ్చు. ఎలా దాటుతుందో చేత్తో గీసి చూపమంటే గీయగలిగినవాళ్లు నాకు ఇంతవరకు కనపడలేదు. దక్షిణాఫ్రికా సరిహద్దు వెంట ఉత్తరానికి ఎగబాకి, విల్లులా వంగి మళ్లీ కిందికి దిగి మొజాంబిక్‌లో సముద్రంలో కలుస్తుంది, అంతే. మడగాస్కర్‌లో తూర్పు తీరం వానల అడవి, నైరుతి మూల ముళ్ల అడవి. మళ్లీ వ్యాపార పవనాలే, మధ్యలో మళ్లీ కొండలే.

ఆస్ట్రేలియాలో చిన్న తిరకాసు ఉంది. పశ్చిమాన ఎడారి, మధ్యలో ఆలిస్ స్ప్రింగ్స్, తూర్పున గ్రేట్ డివైడింగ్ రేంజ్, ఆ పక్కన రాక్‌హాంప్టన్, దగ్గర్లో గ్రేట్ బ్యారియర్ రీఫ్ దక్షిణపు కొస. వరస అదే. కానీ పెరూలో ఉన్నట్టు పశ్చిమ తీరంలో చేపలు విరివిగా లేవు. ఎందుకంటే అక్కడ ఒడ్డును ఆనుకుని పారేది లీయువిన్ అనే వెచ్చని ప్రవాహం. ఇండోనేషియా వైపు నుంచి దిగి దక్షిణానికి పోతుంది, అడుగు నీటిని పైకి రానివ్వదు. పశ్చిమ ఆస్ట్రేలియా శీతల ప్రవాహం దానికి అవతల, సముద్రంలో దూరంగా ఉంటుంది. ఎడారి మాత్రం కిందికి దిగే పొడిగాలి వల్ల ఎలాగూ తప్పలేదు. పరీక్షలో "పశ్చిమ ఆస్ట్రేలియా ప్రవాహం – శీతల" అనే జత వస్తే అదే పెట్టండి, మార్కు పోగొట్టుకోకండి అని పిల్లలకు చెబుతుంటాను.

"పడమర ఎడారి, తూర్పు వాన" అని సూత్రం కట్టేసుకుంటే మళ్లీ అదో బట్టీ. దానికి విరుగుడు అదే దక్షిణ అమెరికా పటంలో కింద ఉంది. 40 డిగ్రీలు దాటి దక్షిణానికి పోతే గాలి దిశ మారుతుంది, పడమర నుంచి తూర్పుకు పశ్చిమ పవనాలు వీస్తాయి. అందుకే చిలీ దక్షిణ తీరంలో కొన్నిచోట్ల ఏడాదికి 4,000 మిల్లీమీటర్లు దాటుతుంది. ఆండీస్‌కు తూర్పున అర్జెంటీనాలో పటగోనియా ఎండిపోయి ఉంటుంది, చాలాచోట్ల 200 మిల్లీమీటర్లే. ఒకే పర్వతాలు, గాలి దిశ మారేసరికి ఎండే వైపు మారిపోయింది. ఒకే చిలీలో ఉత్తర కొస, ధ్రువ ప్రాంతాలు మినహాయిస్తే, ప్రపంచంలోకెల్లా పొడి నేల, దక్షిణ తీరం తడి ఆరని నేల. పటం మీద రెండు బాణాలు వేస్తే చాలు, ఒక్క వాక్యం కూడా రాయక్కర్లేదు.

ఇక కర్కటరేఖ మీద ఇదే ఆట ఆడించండి. సహారా, అరేబియా, అంతా ఎడారే. అదే వరసలో రాజస్థాన్ దాకా వచ్చి, అక్కడి నుంచి తూర్పుకు అడుగేసేకొద్దీ పచ్చదనం. బెంగాల్, త్రిపుర, మిజోరం. రేఖకు కాస్త ఎగువన మాసిన్రాంలో ఏడాదికి 11,000 మిల్లీమీటర్ల పైన వాన. రుతుపవనాలు లేకపోతే మన దేశంలో చాలా భాగం ఏమయ్యేదో పిల్లలే ఊహిస్తారు. రుతుపవనాల పాఠం వాళ్లకు ఆరో తరగతి నుంచీ ఉంది, అరేబియా పక్కన పెట్టి చూపినవాళ్లే లేరు.

ఎల్ నినో కూడా ఇక్కడిదే. పెరూ తీరంలో వ్యాపార పవనాలు మెత్తబడితే అడుగు నీరు పైకి రాదు, పై నీరు వేడెక్కుతుంది, చేపలు పోతాయి, ఎడారిలో వరదలు వస్తాయి. 1972లో పెరూలో ఆంకోవీ వేట కుప్పకూలింది. అదే ఏడు మన దేశంలో కరువు. 2023 ఆగస్టులో దేశమంతా వాన ముఖం చాటేసినప్పుడూ పసిఫిక్‌లో ఎల్ నినోనే. అయితే 1997లో ఎంతో బలమైన ఎల్ నినో వచ్చినా మన దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. కాబట్టి "ఎల్ నినో వస్తే భారత్‌లో తప్పక కరువు" అనే వాక్యం ఎదురైతే తప్పు అని గుర్తించాలి. మా వేరుశనగ రైతుల పిల్లలకు ఈ పాఠం చెప్పడం సులువు. పెరూ ఎక్కడుందో చూపడమే కష్టం, పటం నల్లబడిపోయింది మరి.

అంకెల గురించి ఒక్క మాట చెప్పి అసలు కోరికకు వస్తాను. పాత మెటీరియల్ నుంచి పాత మెటీరియల్‌లోకి దిగుతూ వచ్చిన బిట్లు నా మెషీన్ మీద రోజూ పడుతుంటాయి. వాటిలో అరల్ సముద్రం ఇంకా ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సే. అమూ దర్యా, సిర్ దర్యా నీళ్లను పత్తి పొలాలకు మళ్లించాక, 1960ల నుంచి అది ఎండిపోతూ వచ్చి చాలా ఏళ్లయింది. ఎవరెస్టు 2020 డిసెంబరు నుంచి 8,848.86 మీటర్లు. ఉత్తర అమెరికాలో ఎత్తయిన శిఖరం 6,190 మీటర్లు. దాని పేరు 2015లో డెనాలి అయింది, 2025లో అమెరికా ప్రభుత్వం మళ్లీ మెకిన్లీ అంది. మృత సముద్రం మట్టం ఏటా దాదాపు ఒక మీటరు పడిపోతోంది, ఒక్కో గైడులో ఒక్కో అంకె ఉండటంలో ఆశ్చర్యం లేదు. "ప్రపంచంలో అతి పెద్ద ఎడారి" అన్నప్పుడు "ఉష్ణ" అనే మాట ఉందో లేదో చూడాలి. ఉంటే సహారా, లేకపోతే అంటార్కిటికా. ఇవి మీ పేజీలో సరిగానే వస్తున్నాయి, ఒప్పుకుంటాను. వీటికోసమే పటాన్ని మూలకు నెట్టారన్నదే నా బాధ.

బిట్లు తీసేయమని అడగడం లేదు, వాటితోనే పిల్లలు మీ పేజీ తెరుస్తారు. యాభై బిట్లు వేసే చోట ముప్పై వేసి, మిగిలిన చోటు పటానికి ఇవ్వండి. రంగులు, నీడలు వద్దు, తెల్ల కాగితం మీద నల్ల గీతలు చాలు. పర్వతాలకు అడ్డగీతలు, శీతల ప్రవాహానికి తెగిన బాణం, ఉష్ణ ప్రవాహానికి నిండు బాణం, గాలికి ఇంకో గుర్తు. భూమధ్యరేఖ, రెండు అయనరేఖలు (కర్కట, మకర) తప్పకుండా ఉండాలి. పేర్లు పటంలో ఇరికించకుండా అంకెలు వేసి కింద పట్టిక ఇస్తే, పేర్లు మూసేసి తమను తామే పరీక్షించుకుంటారు. నా షాపులో ఔట్‌లైన్ మ్యాపుల కట్ట ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పదో తరగతి పరీక్షల ముందు తప్ప దాని జోలికి ఎవరూ పోరు. మీ పేజీలో ఒకటి పడితే ఆ కట్ట నాకు అమ్ముడుపోకపోయినా ఫర్వాలేదు.

తరువాతి పాఠం ఆఫ్రికా అని పేజీ అడుగున వేశారు. లింపోపో మకరరేఖను రెండుచోట్ల దాటడం కంటికి ఆనేంత సైజులో పటం వేయండి. ప్రింటుకు పంపే ముందు మీ ఆఫీసులోనే ఒకసారి జిరాక్స్ తీసి చూడమని చెప్పండి.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమానురాలు,
అనంతపురం.